గంధరాజం: బెంగళూరులో గుత్తులు గుత్తులుగా పూసింది, చెన్నైలో ఆకులు పసుపెక్కుతున్నాయి. వెనక్కి పంపేయమంటారా?

మడిపాక్కం మిద్దెతోట
2024 మే 19

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా గంధరాజానికి తొమ్మిదేళ్లు. తెనాలిలో మా అత్తయ్యగారి పెరట్లో బావి పక్కన ముద్ద గంధరాజం ఉండేది. ఆవిడే దాని కొమ్మ తుంచి, తడిబట్టలో చుట్టి నా చేతికిచ్చారు. అప్పట్లో మేము బెంగళూరు బనశంకరిలో ఉండేవాళ్లం. వరండాలో మట్టికుండీలో పెట్టాను. మూడో ఏడు పూత మొదలైంది. జనవరి చివర మొగ్గలు కనపడితే మే దాకా పూసేది. ఒక్కోరోజు పది, పన్నెండు పూలు. పువ్వు మొదటిరోజు పాలలా ఉండి, మర్నాటికి మీగడ రంగుకొచ్చి, ఆ పైన పసుపు తిరిగి చెట్టు మీదే వాడేది. వాడిన పువ్వుకి కూడా వాసన ఉండేది.

అత్తయ్యగారు 2019లో పోయారు. తరవాత ఇల్లు అమ్మేశాం. కొన్నవాళ్లు పెరడంతా చదును చేసి కట్టుకున్నారు. కాబట్టి ఆ తల్లిమొక్క నుంచి మిగిలింది నా దగ్గరున్న ఈ ఒక్కటే. నా టెన్షన్ అంతా అందుకే.

2022 జూన్‌లో మా వారికి చెన్నై బదిలీ అయింది. లారీలో వెయ్యడానికి మనసొప్పక కారు వెనక సీటు మీద పెట్టుకుని తెచ్చాను. మాది రెండో అంతస్తు, పైన మిద్దె కూడా మాదే. వచ్చిన నెలలోనే పెద్ద సిమెంటు కుండీ కొని అందులోకి మార్చాను. మొదటి ఏడాది బాగానే ఉంది. తరవాత కొత్తగా వచ్చే ఆకులు లేత పసుపు రంగులో వస్తున్నాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటాయి, మధ్యంతా పాలిపోతుంది. అంచులు మాడుతున్నాయి. ఈ ఏడాది జనవరిలో ముప్ఫై దాకా మొగ్గలు వచ్చాయి, బఠాణీ గింజంత అయ్యాక ఒక్కొక్కటే రాలిపోయాయి. విచ్చుకున్నవి రెండే.

నీళ్ల లోటు లేదు. మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయని అవి పోయను. వంటింట్లో ఆర్వో మెషిన్ పక్కపైపులోంచి వచ్చే నీళ్లు బకెట్లో పట్టి, అవే రెండు పూటలా పోస్తున్నాను. వేపపిండి, మాగిన పశువుల ఎరువు నెలకోసారి వేస్తున్నాను. నర్సరీ అబ్బాయి చెప్పాడని ఎప్సమ్ సాల్ట్ రెండుసార్లు వేశాను, మార్పు లేదు. ఒక విషయం మాత్రం నాకు అర్థం కాలేదు. పోయిన డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు మాకు నాలుగురోజులు కరెంటు లేదు, మొక్కల్ని పట్టించుకునే స్థితిలో లేము. అంత వానకి ఇది చచ్చిపోతుందనుకున్నాను. కానీ ఆ తరవాత వచ్చిన చిగురు చక్కగా ముదురాకుపచ్చగా వచ్చింది. ఫిబ్రవరి నుంచి మళ్లీ పసుపు.

అందరూ చెన్నై ఎండ దీనికి పడదంటున్నారు. ఇప్పుడు కత్తిరి ఎండలు కాస్తున్నాయి, రోజూ దాన్ని చూస్తుంటే బాధగా ఉంది. బెంగళూరులో ఎవరికైనా ఇచ్చేస్తే బతుకుతుందా? లేక ఇక్కడే ఏదైనా దారి ఉందా?


అడయార్ ఆకుపచ్చ
2024 మే 19

అక్కా, చెన్నైలో గంధరాజం పెట్టి నేను రెండుసార్లు పోగొట్టుకున్నాను. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది, మనం సముద్రం పక్కనే ఉన్నాం. అక్కడ జనవరి రాత్రులు 15, 16 డిగ్రీలకు దిగుతాయి, మనకి 21 దగ్గరే ఆగిపోతుంది. ఆ చల్లదనం లేకపోతే మొగ్గ నిలవదు. ముద్ద నందివర్ధనం పెట్టుకోండి. దూరం నుంచి చూస్తే గంధరాజంలాగే ఉంటుంది, ఎండకి జంకదు, ఏడాదంతా పూస్తుంది. మీ మొక్కని బెంగళూరు పంపడమే దానికి మేలు.


మడిపాక్కం మిద్దెతోట
2024 మే 19

తమ్ముడూ, నందివర్ధనం మిద్దె మీద ఉంది, రోజూ పూజకి కోస్తాను. దాని మీద నాకేం కోపం లేదు. కానీ ఇది ఫలానా పువ్వు కావాలని పెంచుకుంటున్నది కాదు. అత్తయ్యగారు చేత్తో తుంచి ఇచ్చిన కొమ్మ. పంపాల్సి వస్తే పంపుతాను, అది బతకడమే నాకు ముఖ్యం. పంపే ముందు అసలు కారణం తెలుసుకోవాలని ఉంది.


యలహంక పెరడు
2024 మే 20

అమ్మా, నేను ముప్ఫై ఏళ్లు పూలమొక్కల నర్సరీల్లో పనిచేసి ఇప్పుడు ఇంటిదగ్గర ఉంటున్నాను. మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ ప్రశ్నలోనే జవాబు ఉంది.

ముందు తెనాలి సంగతి. తెనాలిలో ఎండలు తక్కువా? మేలో చెన్నైకి ఏమాత్రం తీసిపోవు. అయినా మీ అత్తయ్యగారి గంధరాజం అన్నేళ్లు ఆకుపచ్చగా బతికింది. కాబట్టి ఆకులు పసుపెక్కడానికి ఎండే కారణమంటే నేను ఒప్పుకోను. ఎండ వల్ల మాడేది అంచులు, అది కూడా సగం వరకే.

రెండోది తుపాను. నాలుగురోజులు కరెంటు లేదన్నారు. అంటే ఆర్వో మెషిన్ నడవలేదు. మొక్కకి దక్కింది వాన నీళ్లే. వెంటనే చిగురు ఆకుపచ్చగా వచ్చింది. మెషిన్ మళ్లీ నడిచాక పసుపు మళ్లీ వచ్చింది. అమ్మా, ఆ పక్కపైపులో వచ్చేవి శుభ్రమైన నీళ్లు కావు. మెషిన్ మంచినీళ్లని మీ గ్లాసులోకి పంపి, వాటిలోని ఉప్పునీ సున్నాన్నీ ఆ పైపులోకి తోసేస్తుంది. మీరు వద్దనుకున్న బోరు నీళ్లకన్నా అవి ఇంకా చిక్కగా ఉంటాయి. రెండేళ్లుగా రెండు పూటలా అవే పోస్తున్నారు. మీరు మంచే చేద్దామనుకున్నారు, అందులో తప్పేం లేదు. చాలా ఇళ్లలో ఇదే జరుగుతోంది. ఆ నీళ్లు ఇల్లు తుడవడానికి, బాత్‌రూము కడగడానికి వాడుకోండి.

గంధరాజం చైనా, జపాన్, వియత్నాం వైపు మొక్క. పుల్లనేల దీనికి ఇష్టం. పీహెచ్ (మట్టి పులుపుని చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5 నుంచి 6 మధ్య ఉంటే హాయిగా ఉంటుంది. సున్నపు నీళ్లు పోసే కొద్దీ మట్టి పీహెచ్ 7 దాటుతుంది. అప్పుడు మట్టిలో ఇనుము ఎంత ఉన్నా కరగదు, వేరు దాన్ని తీసుకోలేదు. ఇనుము మొక్కలో ముదురాకు నుంచి లేతాకుకి కదిలి వెళ్లదు. అందుకే లోపం ముందు చిగుళ్లలో కనిపిస్తుంది, ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోతుంది. మీరు వర్ణించింది సరిగ్గా అదే. ఎప్సమ్ సాల్ట్‌లో ఉండేది మెగ్నీషియం. ఆ లోపం ముదురాకుల్లో మొదలవుతుంది. మీ మొక్కకి ఉన్న జబ్బు వేరు, వేసిన మందు వేరు.

ఇక సిమెంటు కుండీ. అందులోంచి కూడా సున్నం మట్టిలోకి దిగుతుంది. మిగతా మొక్కలకి పెద్ద ఇబ్బంది ఉండదు గానీ దీనికి వద్దు. మళ్లీ మట్టికుండీలోకి మార్చండి.

మీరు బెంగళూరు పంపితే బాగుపడుతుందా అన్నారు కదా, నా సంగతి వినండి. ఈ మార్చిలో ఇక్కడ నీటి ఎద్దడి ఎలా ఉందో మీకు తెలిసే ఉంటుంది. తాగే నీళ్లు తోటలకి వాడితే 5000 రూపాయల జరిమానా అన్నారు. కావేరి నీళ్లు మానేసి ట్యాంకరు బోరు నీళ్లు పోశాను. నలభై రోజుల్లో నా గంధరాజం కూడా మీదానిలాగే పసుపెక్కింది. ఊరు అదే, గోడ అదే, ఎండ అదే. మారింది నీళ్లే.

ఇప్పుడు చెయ్యాల్సినవి. ఈ ఎండల్లో కుండీ మార్చకండి, వేళ్లు తట్టుకోలేవు. జూన్ చివర ఒకటి రెండు వానలు పడ్డాక మార్చండి. అప్పటిదాకా వాన నీళ్లు దొరకవు కాబట్టి ఏసీ నుంచి కారే నీళ్లు పట్టండి. గాల్లోని తేమ చల్లబడి కారే నీళ్లు అవి, వాటిలో సున్నం ఉండదు. సాయంత్రం పూట లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే ఉప్పు ఇది), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద పిచికారీ చెయ్యండి. వేరుశనగ పైరు పసుపెక్కితే మన రైతులు చేసేది ఇదే. మీ మొక్క నీరసంగా ఉంది కాబట్టి మొదటిసారి సగం మోతాదుతో ఒక్క కొమ్మకి కొట్టి, మూడురోజులు చూసి, తరవాత మొత్తానికి కొట్టండి. పదిరోజుల తేడాతో మూడుసార్లు. ముదిరి పసుపెక్కిన ఆకులు తిరిగి ఆకుపచ్చ కావు, కొత్త చిగురు రంగు చూడండి.

అంటు మాత్రం ఇప్పుడే కట్టకండి. ఒక్కటే మొక్క కదా అని కంగారు పడతారు, నాకు తెలుసు. పాలిపోయిన కొమ్మకి వేరు సరిగ్గా పట్టదు. ఆకు ఆకుపచ్చబడ్డాక, ఆగస్టులో గాలి అంటు కట్టండి.


తిరువాన్మియూరు వంటింటి తోట
2024 మే 20

యలహంక బాబాయ్ గారు చెప్పింది అక్షరాలా నిజం. మా ఇల్లు సముద్రానికి దగ్గర. నాకు రెండు గంధరాజాలున్నాయి, ఒకటి రేకుది, ఒకటి ముద్దది. రెండూ కుండీల్లోనే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మిద్దె మీద వాన నీళ్లు డ్రమ్ముల్లో పట్టుకుంటాను, మూతలు పెట్టి దోమతెర కడతాను. అవి ఫిబ్రవరి దాకా వస్తాయి. తరవాత అంతా ఏసీ నీళ్లే. మా ఇంట్లో రాత్రంతా ఏసీ నడిస్తే తెల్లారేసరికి ఏడెనిమిది లీటర్లు ఉంటాయి.

ఇంకో మాట. కుండీ మిద్దె మీద ఉంచారా? ఉంటే వెంటనే దింపండి అక్కా. కింద నుంచి వేడి కొడుతుంది, వేళ్లు ఉడికిపోతాయి. తూర్పు బాల్కనీ ఉంటే అక్కడ పెట్టండి. పదింటి దాకా ఎండ చాలు. నేల మీద నేరుగా పెట్టకుండా రెండు ఇటుకలు వేసి వాటి మీద పెట్టండి. కొబ్బరి పొట్టు కలిపేటట్టయితే మూడు నీళ్లు పోసి కడిగి కలపండి, దాంట్లో ఉప్పు ఉంటుంది.

పూల విషయంలో మాత్రం అడయార్ తమ్ముడు అన్నదాంట్లో నిజం ఉంది. నా ముద్ద గంధరాజం ఆకులు నూనె రాసినట్టు మెరుస్తాయి, కానీ ఈ ఫిబ్రవరిలో పూసింది పద్నాలుగు పూలే. బెంగళూరు జయనగర్లో మా అక్క చెట్టు అంతకు నాలుగింతలు పూస్తుంది. రేకుది నాకు కొంచెం నయం, మొగ్గ రాలడం తక్కువ. రాత్రి చల్లదనాన్ని మనం తేలేం. మొగ్గ కట్టాక కుండీని అటూ ఇటూ జరపకపోవడం, మట్టిని ఒకరోజు ఎండబెట్టి ఒకరోజు ముంచెయ్యకుండా ఒకే తడిలో ఉంచడం మన చేతిలో ఉన్నాయి. అవి చేస్తే సగం మొగ్గలు నిలుస్తాయి.


వైట్‌ఫీల్డ్ వలసపక్షి
2024 మే 21

నేను పదకొండేళ్లు డాలస్‌లో ఉండి వచ్చాను. అక్కడ దీన్ని గార్డీనియా అంటారు. చార్ల్‌స్టన్‌లో ఉన్న స్కాట్లండ్ వైద్యుడు అలెగ్జాండర్ గార్డెన్ పేరు మీద 18వ శతాబ్దంలో పెట్టిన పేరది. జార్జియా, కరొలైనా వైపు ఇళ్ల ముందు కంచెలా పెంచుతారు. డాలస్‌లో మాత్రం అంత తేలిగ్గా రాదు. అక్కడి భయం మీ భయానికి పూర్తిగా తిరగేసి ఉంటుంది, అది చలి. మామూలు చలికాలం తట్టుకుంటుంది గానీ 2021 ఫిబ్రవరి 16న దాదాపు మైనస్ 19 డిగ్రీలకు పడిపోయింది. నేలలో పెట్టినది చచ్చిపోయింది. కుండీలో ఉన్నదాన్ని గ్యారేజీలోకి లాక్కొచ్చి దుప్పటి కప్పాను, అది బతికింది.

చెప్పొచ్చేదేమిటంటే, చలి ఏడాదిలో నాలుగురోజులే ఇబ్బంది పెట్టేది. ఏడాది పొడుగునా ఏడిపించింది మాత్రం పసుపు ఆకులే. మా వైపు నేల నల్లరేగడి, నిండా సున్నం. కుళాయి నీళ్లూ అంతే. బాబాయ్ గారు చెప్పిన ఇనుము లోపమే. మామూలు ఇనుము మందు మట్టిలో వేస్తే సున్నపు నేలలో వెంటనే బిగుసుకుపోయి పనిచెయ్యదు. ఈడీడీహెచ్‌ఏ అనే చెలేట్ రకం (ఇనుము బిగుసుకుపోకుండా పట్టి ఉంచే మందు) దొరికితే అది మట్టిలో వేసినా పనిచేస్తుంది, ముదురెరుపు పొడి, ఖరీదు ఎక్కువ. ఇక్కడా ఎరువుల దుకాణాల్లో దొరుకుతోంది. చిటికెడు చాలు.


మడిపాక్కం మిద్దెతోట
2024 మే 26

అందరికీ చేతులెత్తి నమస్కారం. బాబాయ్ గారి జవాబు చదివి కాసేపు ఏమీ తోచలేదు. రెండేళ్లు నా చేత్తో నేనే పోశాను కదా అని.

నీళ్లలో కరిగిన ఉప్పులు ఎంత ఉన్నాయో చూపే టీడీఎస్ మీటరు తెప్పించి కొలిచాను. బోరు నీళ్లు 940. ఆర్వో పక్కపైపు నీళ్లు 1480. ఏసీ నీళ్లు 18. ఇంక చెప్పడానికేముంది. కుండీకి అంటుకుని తెల్లటి పొర ఉంటే ఇన్నాళ్లూ పాత సిమెంటు అనుకున్నాను. అది ఉప్పు.

మొక్కని మిద్దె నుంచి తూర్పు బాల్కనీలోకి దింపాం, ఇద్దరు మనుషులు పట్టాల్సి వచ్చింది. మూడురోజులుగా ఏసీ నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ కింద రంధ్రంలోంచి కారిపోనిస్తున్నాను. మొదటిరోజు కారిన నీళ్లు 2100 ఉన్నాయి, ఇవాళ 1300. అన్నభేది మా వీధి చివర నాటుమందుల కొట్లోనే దొరికింది. ఒక్క కొమ్మకి కొట్టాను.


మడిపాక్కం మిద్దెతోట
2024 సెప్టెంబరు 15

మధ్యలో రాయలేకపోయాను, మా అమ్మాయి పరీక్షలు.

జూలై మొదటివారంలో పద్నాలుగు అంగుళాల మట్టికుండీలోకి మార్చాను. ఎర్రమట్టి, ఆకు ఎరువు, కడిగిన కొబ్బరి పొట్టు, కొంచెం ఇసుక. పాత మట్టిని వేళ్ల చుట్టూ పూర్తిగా దులపలేదు, పైనా పక్కలా రాలిందే తీశాను. పదిరోజులు తలవాల్చింది. అవి గడిచేదాకా నాకు నిద్ర లేదు. ఆగస్టులో వచ్చిన చిగురు తెనాలి పెరట్లో చూసిన రంగులో ఉంది. అంతకన్నా బాగా చెప్పడం నాకు రాదు.

ఆగస్టు 11న పెన్సిలంత లావున్న రెండు కొమ్మలకి గాలి అంటు కట్టాను. అంగుళం మేర బెరడు ఉంగరంలా తీసి, తడిపిన నాచు చుట్టి, పాలిథిన్ కట్టాను. ఒకదాంట్లో తెల్లటి వేళ్లు కవరులోంచి కనపడుతున్నాయి. రెండోది ఇంకా కదల్లేదు. కొమ్మల సందుల్లో పిండినల్లి కనిపించింది. తడిగుడ్డతో తుడిచి వేపనూనె కొట్టాను. ఇంకేమైనా చెయ్యాలా బాబాయ్ గారూ?


యలహంక పెరడు
2024 సెప్టెంబరు 15

చీమలు ఎక్కకుండా చూడండమ్మా, పిండినల్లిని మోసేవి అవే. కుండీ కింద పళ్లెంలో నీళ్లు పోసి మధ్యలో ఇటుక పెట్టి దాని మీద కుండీ ఉంచండి. వేళ్లు గోధుమరంగుకి తిరిగాక అంటు కోయండి, తెల్లగా ఉన్నప్పుడు తొందరపడితే తెగిపోతాయి. ఇక నుంచి కత్తెర పట్టకండి. ఇప్పుడు కొనలు కత్తిరిస్తే జనవరి మొగ్గలు పోతాయి. పూత అయ్యాకే కత్తిరింపు.

మా వైపు అడవుల్లో, చిత్తూరు కొండల్లో బిక్కి అని ఒక చెట్టు ఉంటుంది, చూశారా? రాళ్ల మధ్య, నిలువెండలో తెల్లగా పూస్తుంది. అది దీనికి దాయాదే. ఆ చెట్టుని చూసినప్పుడల్లా ఈ జాతికి ఎండంటే అంత భయం లేదని నాకనిపిస్తుంది.


మడిపాక్కం మిద్దెతోట
2025 ఫిబ్రవరి 9

పదిహేడు మొగ్గలు వచ్చాయి. తొమ్మిది రాలాయి. మిగిలిన ఎనిమిదిలో మొదటిది నిన్న తెల్లవారుజామున విచ్చుకుంది. బెంగళూరు లెక్కలో ఇది ఒక్కరోజు పూత కూడా కాదు, తెలుసు. తిరువాన్మియూరు అక్క ముందే చెప్పింది కాబట్టి దిగులు లేదు. పువ్వు కొయ్యలేదు. మీగడ రంగుకి తిరిగేదాకా ఉంచుతాను.

మొక్కని ఎక్కడికీ పంపట్లేదు. అంటుమొక్క మాత్రం అక్టోబరులో కోసి చిన్న కుండీలో పెట్టాను, ఇప్పుడు ఎనిమిది ఆకుల మీద ఉంది. ఒక్కచోటే ఉంచడం నాకు భయం. బాబాయ్ గారూ, మార్చి మొదటివారంలో మేము పెళ్లికి బెంగళూరు వస్తున్నాం, బృందావన్ ఎక్స్‌ప్రెస్ రైల్లో. ఆ మొక్క మీ పెరట్లో ఉంటే నాకు ధైర్యం. తీసుకుంటారా?


యలహంక పెరడు
2025 ఫిబ్రవరి 9

తప్పకుండా తీసుకురండమ్మా. బయల్దేరే ముందురోజు సాయంత్రం నీళ్లు పోయండి, పొద్దున పొయ్యకండి, కుండీ బరువెక్కి మట్టి విడిపోతుంది. ఆకుల మీద పాత చీర వదులుగా చుట్టండి. కిటికీ గాలి నేరుగా తగలనివ్వకండి. తూర్పు గోడ పక్కన అడుగున్నర గుంట తీసి ఆకు ఎరువు వేసి ఉంచుతాను. వాన నీళ్ల తొట్టి దానికి నాలుగడుగుల దూరంలోనే ఉంది.